నీటిపై మద్యపానము – శాసనము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ముప్పదియైదు సంవత్సరములు బడిపిల్లలచేత సంస్కృత శబ్దములు వల్లె వేయించినవాడు కడలిపై బ్రతుకువారికి హితము చెప్పబూనుట సాహసమే. నా తండ్రి తెప్పపై పోయెను, నేను పోలేదు. ఐనను కార్యనిర్వాహకులు నన్ను నాకు తోచినది మాటలాడుమని సెలవిచ్చిరి గాన తోచినదే మాటలాడెదను. అందఱకును రుచింపకపోవచ్చును.

విశాఖపట్టణపు చేపలరేవులో 2023వ సంవత్సరము నవంబరు 19వ తేదీ రాత్రి జరిగిన అగ్నిప్రమాదమును మీరెఱుగుదురు. సుమారు నలుబది మరపడవలు, కొన్ని పూర్తిగను కొన్ని పాక్షికముగను, కాలిపోయినవి. మొదట అనుమానము వేఱొకనిపై పడినది. తుదకు పోలీసువారు ప్రకటించినది వేఱు: రేవున కట్టియున్న పడవలో ఇద్దఱు మద్యము సేవించిరనియు, కాలుచున్న సిగరెట్టు పీకను విసరగా అది ప్రక్కపడవలోని వలపై పడి రగుల్కొనెననియు. పడవల విలువలో నూటికి 80 వంతులు పరిహారమిత్తుమని నాటి ప్రభుత్వము చెప్పెను. ఒడ్డుననే, అగ్నిమాపక శకటములు రాగలచోటనే, ఇంత నష్టము వాటిల్లినది. మఱి నలువది మైళ్ల లోపల, అర్ధరాత్రి, వల లాగునప్పుడు?

చలి పోవుటకు రెండు గుక్కలని మనవారందురు. వైద్యుల మాట దీనికి విపరీతము. మద్యము చర్మములోని రక్తనాళములను విప్పార్చును. అందుచే వెచ్చదనము తోచును గాని ఒడలిలోని వేడి బయటికి పోవును. తడిబట్టలతో గాలికి నిలిచినవానికి ఇది మేలు చేయదు. ఊగుచున్న పడవపై కాలు నిలుపుకొను శక్తి కూడ మొదటనే సడలును. గట్టున తూలినవాడు బురదలో పడును, పడవపై తూలినవాడు నీట పడును, అంతే భేదము.

మన పూర్వులు నావను గూర్చి శాసనము చేయకపోలేదు. దాశుల తప్పిదముచే నావలో నష్టమైనదానిని వారందఱును కలసి తమతమ పాళ్లను బట్టి ఇచ్చుకొనవలెననియు, దైవికమైనచో దండము లేదనియు మనుస్మృతి అష్టమాధ్యాయమున నున్నది. కౌటిల్యుడు ఇంకొక అడుగు ముందుకు వేసెను. తగిన మనుష్యులు, ఉపకరణములు లేకయో, మరమ్మతు లేకయో నావ చెడినచో ఆ నష్టమును నావధ్యక్షుడే భరింపవలెనని అర్థశాస్త్రమున విధించెను. అధికారియే చెల్లింపవలెనట! ఈ సూత్రమును నేటి కచేరీలలో చదివి వినిపించినచో ఎందఱు ఉద్యోగమున నిలుతురో నేను చెప్పజాలను.

నేటి చట్టము చూడుడు. లారీ నడుపువానికి 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము, 185వ సెక్షను, కొలత నిర్ణయించినది: 100 మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములు దాటరాదు. పెద్ద ఓడల అధికారులకు 2012 నుండి అమలులోనున్న అంతర్జాతీయ నియమము నూటికి 0.05 పాలు. ఆ నియమము చేపలపడవలకు వర్తింపదు. మన పడవ నడుపు సరంగునకు వర్తించునది భారతీయ న్యాయ సంహిత 282వ సెక్షను. నిర్లక్ష్యముగా నావ నడుపువానికి ఆరునెలల వఱకు కారాగారము, లేదా పదివేల రూపాయల వఱకు జరిమానా, లేదా రెండును. అందు మద్యమను మాట లేదు, కొలత లేదు. నిర్లక్ష్యమును ఋజువు చేయవలెను. నడిసముద్రమున సాక్షి ఎవడు? తోడి కలాసి. వాడు బావమఱదియో, పినతండ్రి కొడుకో అయియుండును.

ఇచ్చట నా సంగతి యొకటి చెప్పక తప్పదు. నాయొద్ద చదివిన పిల్లవాడొకడు, పేరు చెప్పను, వేటకు పోయి రాత్రివేళ పడవనుండి జాఱి పడి మరణించెను. మూడవనాడు దేహము ఒడ్డునకు కొట్టుకొని వచ్చినది. ఆ రాత్రి పడవలో అందఱును త్రాగియుండిరి. చుక్కాని పట్టినవాడును త్రాగియుండెను. ఆ పడవలోనివారే నా అరుగుపై కూర్చుండి ఈ మాట చెప్పిరి. మత్స్యకారులకు సమష్టి ప్రమాదభీమా క్రింద మృతుని కుటుంబమునకు 5 లక్షల రూపాయలు వచ్చును. మత్తులో జరిగిన మరణమునకు సొమ్ము చెల్లదని ప్రమాదభీమా నియమములలో సామాన్యముగ నుండునది. వాని భార్యకు ఇద్దఱు పసిబిడ్డలు. పెద్దలు నన్ను వ్రాయుమనిరి. పెద్ద అల తాకిడికి పడెనని వ్రాసితిని. ఆ వ్రాత నాది. సొమ్ము వచ్చినది, ఆ పిల్లలు చదువుకొనుచున్నారు, అందులకు నేను విచారింపను. కాని ఆ చుక్కాని పట్టినవాడు నేటికిని పడవ నడుపుచున్నాడు. వానిని విడిచిపెట్టినది పోలీసులు కారు, నా కలము.

నిషేధము పెట్టినచో తీఱునందురా? మదరాసు రాజధాని అంతటను 1948 అక్టోబరు 2వ తేదీ నుండి పెట్టిరి. నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు లేచిన తరువాత 1993లో సారా పోయెను, 1995లో సంపూర్ణ నిషేధము వచ్చెను, 1997లో సడలెను. గౌతమీతీరముననున్న యానాము పుదుచ్చేరి పాలనలోనిదగుటచే మన నిషేధము అచ్చట చెల్లలేదు. అటనుండి సరకు ఏటి నీటిపై ఎవరి పడవలలో వచ్చెనో ఈ సభలో నేను వివరింపనక్కఱలేదు.

ఇంతకును అసలు సంగతి. వేసవిలో ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు వేట నిషేధము కలదు గదా. మా పల్లెలో దానిని తప్పి ఏ పడవయైన కదలినచో ఒడ్డుననే నిలిపివేసి తప్పు వేయుదురు. పోలీసు అక్కఱలేదు. కులకట్టు అంత బలము గలది. అదే కట్టు మద్యము విషయమున ఏమి చేయుచున్నది? బెల్టుషాపు పెట్టుకొను హక్కును ఏటేట రామాలయపు అరుగుపై వేలము వేయుచున్నది! పాటదారుడు తప్ప ఇంకొకడు అమ్మరాదు. పాట సొమ్ము గుడి ఉత్సవమునకు. ప్రభుత్వపు చట్టము ప్రకారము అది దొంగ అంగడి. మన కట్టు ప్రకారము ఏకస్వామ్యము. అట్టి సొమ్ముతో మా బడికి రెండు నల్లబల్లలు, బీరువా యొకటి కొనిరి. పుచ్చుకొని రసీదు వ్రాసినవాడను నేను. ఆ బల్లపై నేను ధర్మశబ్దమునకు విభక్తులు వ్రాసి చెప్పితిని.

కావున పెద్దలకు నా మనవి రెండు మాటలు. వేలము ఈ సంవత్సరమే మానుడు. పడవ దింపుటకు ముందు, చుక్కాని పట్టువాడు త్రాగియున్నచో ఆ దినము వానిని ఒడ్డున నిలుపుటకు కులకట్టున నియమము చేయుడు. వేసవి నిషేధమునకు నిలిపినట్లే. వాని భాగమును ఆ పూట తోడివారు పంచుకొనవలెను. మాన్పినచో ఉత్సవమునకు సొమ్ము ఎచ్చటినుండి వచ్చునని కోశాధికారిగారు నన్ను నిన్ననే అడిగిరి. ఒక యేడు భజనతో సరిపుచ్చవచ్చునంటిని, వారికి నచ్చలేదు.

తీర్మానపు ప్రతిని అధ్యక్షులవారి బల్లపై నుంచితిని. నల్లబల్లలకును బీరువాకును ఆనాడైన మొత్తమును నా పింఛనునుండి తీసి సంఘపు ఖాతాలో కట్టిన రసీదును దానికి గ్రుచ్చియున్నాను. చేవ్రాళ్లకు క్రింద చోటు కలదు, మొదటిది నాది.