కరెంటుకు తిరుగుదారి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1985 పదో తరగతి బ్యాచ్. ముప్పై ఏళ్లుగా అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో, కార్ల విడిభాగాలు తయారుచేసే పరిశ్రమలో ఇంజనీరుగా పని చేస్తున్నాను. సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, ఎలక్ట్రిక్ కార్ల గురించి ఒక పావుగంట మాట్లాడమన్నారు. సరే అన్నాను. విమానంలో కూర్చుని రాసుకుందామంటే కలం కదల్లేదు. నా మనసంతా వేరే విషయం మీద ఉంది. అందుకని కార్యదర్శి గారి క్షమాపణ కోరి, పడవ ట్రైలరుకు లైట్లు మార్చిన సంగతి చెబుతాను.

పడవ అనగానే నేనేదో పెద్ద షావుకారునని అనుకోకండి. అది పదహారు అడుగుల అల్యూమినియం పడవ, పాతది, చేపలు పట్టుకోవడానికి కొన్నది. గోదావరి ఒడ్డున పుట్టిన వాళ్లం కదా, నీళ్లు చూస్తే కాళ్లు ఆగవు. మన దగ్గర పడవ నీళ్లలోనే ఉంటుంది. అక్కడ చలికాలంలో సరస్సులు గడ్డకడతాయి కాబట్టి, నాలాంటి వాళ్ల పడవలు ఇంటి దగ్గర చక్రాల బండి మీద ఉంటాయి. ఆ బండినే ట్రైలరు అంటారు. కారు వెనక తగిలించుకుని సరస్సు దాకా తీసుకెళ్లి, ఒడ్డున కట్టిన వాలు మీదుగా వెనక్కి నడుపుతూ చక్రాలు మునిగే దాకా నీళ్లలోకి దించుతాం. అప్పుడు పడవ తేలుతుంది. చక్రాలతో పాటు వెనక ఉన్న ఎర్ర లైట్లు కూడా మునుగుతాయి. తంటా అంతా అక్కడే మొదలవుతుంది.

నాలుగేళ్ల కిందట వేసవిలో సెయింట్ క్లెయిర్ సరస్సు నుంచి తిరిగొస్తున్నాం. పొద్దు కుంకింది. ముందు కారులో నేను, వెనక పడవ. ఆ వెనక ఇంకో కారులో మా ఆవిడ, మా అమ్మాయి. పెద్ద రోడ్డు మీద ముందు బండ్లు ఆగడంతో నేను బ్రేకు వేశాను. అద్దంలో చూస్తే మా ఆవిడ కారు ఒక్కసారిగా పక్కకు తిరిగి రోడ్డు అంచున ఆగిపోయింది. వెంటనే ఫోను. "ఏవండీ, మీరు బ్రేకు వేశారా?" "వేశాను." "నాకు ఒక్క ఎర్ర దీపం కూడా కనబడలేదండీ."

నా కారు బ్రేకు లైట్లను పడవ కప్పేసింది. ట్రైలరు లైట్లేమో వెలగలేదు. పొద్దున బయలుదేరే ముందు నేనే చూశాను, అప్పుడు బాగానే వెలిగాయి.

కార్ల పరిశ్రమలో ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాణ్ని. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే ఆ లైట్లు సతాయించడం అది మొదటిసారి కాదు. రెండు వేసవులుగా బల్బులు మారుస్తూనే ఉన్నాను. ఎడమ ఇండికేటరు వేస్తే కుడివైపు కూడా మిణుకుమిణుకుమనేది. కొత్త బల్బు వేస్తే వారం బాగుండేది, మళ్లీ మామూలే. "పాత బండి, ఇంతేలే" అనుకున్నాను.

ఆ రాత్రి గ్యారేజీలో మల్టీమీటరు పట్టుకుని కూర్చున్నాను. బల్బు దగ్గరకు 12 వోల్టులు వస్తున్నాయి. ఫ్యూజు బాగుంది. బల్బు బాగుంది. అయినా వెలుగు లేదు. అప్పుడు మన ఎనిమిదో తరగతి గది గుర్తొచ్చింది.

మన సైన్సు మాస్టారు ముందు వరసలోనే కూర్చున్నారు. మాస్టారూ, మీకు గుర్తుందో లేదో. మీరొక టార్చిలైటు సెల్లు, చిన్న బల్బు, ఒకే ఒక్క వైరు ముక్క నా చేతికిచ్చి, "వెలిగించరా" అన్నారు. నేను వైరు ఒక కొసను సెల్లుకు, రెండో కొసను బల్బుకు పెట్టి దిక్కులు చూశాను. క్లాసంతా నవ్వారు. అప్పుడు మీరు బల్బు అడుగును సెల్లు నెత్తిన ఆనించి, అదే వైరును బల్బు పక్క నుంచి సెల్లు అడుక్కి తిప్పారు. వెలిగింది. "వెళ్లే దారి అందరూ చూస్తారు. తిరిగొచ్చే దారి ఏదిరా?" అన్నారు.

నలభై ఏళ్ల తర్వాత అదే తప్పు అదే కుర్రాడు మళ్లీ చేశాడు, మాస్టారూ.

అమెరికాలో చిన్న ట్రైలర్లకు నాలుగు వైర్లు ఉంటాయి. గోధుమరంగుది టెయిల్ లైట్లకు. పసుపుది ఎడమవైపు బ్రేకుకు, ఇండికేటరుకు. ఆకుపచ్చది కుడివైపు వాటికి. నాలుగోది తెల్లది. అదే తిరుగుదారి, మన మెకానిక్కులు ఎర్త్ అనేది. నా ట్రైలరులో ఆ తెల్ల వైరు ముందువైపు ఇనుప చట్రానికి ఒక స్క్రూతో బిగించి ఉంది. వెనక లైట్ల నుంచి వచ్చే కరెంటు ఆ చట్రం గుండా ముందుకు వచ్చి, ఆ స్క్రూ దగ్గర వైరులోకి దిగాలి. స్క్రూ తుప్పు పట్టి పొడి రాలుతోంది. మిగిలిన దారల్లా కారుకు ట్రైలరును తగిలించే గుండు. అది కూడా తుప్పు, గ్రీజు. బండి కుదుపుకు ఒకసారి తగులుతుంది, ఒకసారి తగలదు. ఇంటి ముందు కదలకుండా ఉన్నప్పుడు వెలిగి, రోడ్డు మీద ఆరిపోయింది అందుకే. ఎడమ బల్బులోంచి వచ్చిన కరెంటు తన దారి మూసుకుపోయేసరికి కుడి బల్బులోకి దూరి, కారు బల్బుల మీదుగా ఇల్లు చేరాలని చూసేది. కుడివైపు మిణుకు దానివల్లే.

లెక్క కూడా చెబుతాను. బ్రేకు వేస్తే పాత రకం బల్బు ఒక్కొక్కటీ సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. ఆ తుప్పు 1 ఓం అడ్డుపడితే చాలు, 12 వోల్టుల్లో 3 వోల్టులు అక్కడే పోతాయి. పావు వంతు వోల్టేజి పోతే వెలుగు పావు వంతే తగ్గదు. ఫిలమెంటు బల్బులో సగానికి పైగా పడిపోతుంది. ఎనిమిదో తరగతి పాఠానికి పదో తరగతి ఓం సూత్రం కలిపితే నా జబ్బు మొత్తం తేలిపోయింది.

మరి బల్బులు ఎందుకు మాడాయి? బల్బు వెలిగి వేడెక్కి ఉంటుంది. ఆ వేడి మీదే చల్లటి నీళ్లలోకి దించుతాం. గాజు చిట్లుతుంది. చిట్లకపోయినా లైటు డబ్బాలో వేడిగాలి చల్లబడి ముడుచుకుని, రబ్బరు అంచు సందులోంచి నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. హోల్డరుకు చిలుము పడుతుంది. మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. అది మిగిలిన పని పూర్తి చేస్తుంది. నీళ్లలోకి దించే ముందు కారు నుంచి లైట్ల ప్లగ్గు పీకి, బల్బులు చల్లారనివ్వమని పాత పడవలవాళ్లు చెబుతూనే ఉంటారు. నేను వినలేదు.

తర్వాతి శనివారం పాత వైరింగు మొత్తం పీకేశాను. నీళ్లు చొరకుండా పూర్తిగా మూసేసిన ఎల్‌ఈడీ లైట్లు కొన్నాను. వాటిలో విప్పడానికి మూత లేదు, మార్చడానికి బల్బు లేదు. ఒక్కొక్కటీ పావు ఆంపియరు అటూఇటూగా తీసుకుంటుంది. కాబట్టి దారిలో అదే 1 ఓం అడ్డుపడినా పోయేది అర వోల్టు. ఇంకో లాభం ఉంది. ఫిలమెంటు వేడెక్కి పూర్తిగా వెలగడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. ఎల్‌ఈడీ తక్షణం వెలుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల పైన వెళ్లే బండి ఆ ఐదో వంతు సెకనులో దాదాపు 6 మీటర్లు వెళ్లిపోతుంది. అంటే ఒక కారు పొడవు కంటే ఎక్కువ. వెనక వస్తున్న మనిషికి ఆ 6 మీటర్లు మనం ఇచ్చినట్టే.

కానీ లైట్ల కంటే వైర్ల మీదే ఎక్కువ సమయం పెట్టాను. తిరుగుదారి లేకపోతే ఎల్‌ఈడీ కూడా వెలగదు. ఈసారి చట్రాన్ని నమ్మలేదు. ఒక్కొక్క లైటు నుంచి విడిగా తెల్ల వైరు ముందు దాకా లాగాను. చిలుము పట్టకుండా తగరం పూత ఉన్న రాగి వైరు వాడాను. అతుకుల దగ్గర, వేడి తగిలితే ముడుచుకుని లోపలి జిగురు కరిగి అంటుకునే గొట్టాలు వేశాను. అంతకుముందు ఒకసారి వైరు తొడుగును కోసి పట్టుకునే చవక క్లిప్పులు వాడాను. ఆ కోతలోంచే నీళ్లు దూరి ఒక్క సీజనుకే రాగి పచ్చబడి పొడైపోయింది. ఆ తప్పు మళ్లీ చేయలేదు. అన్నీ కలిపి నూరు డాలర్ల లోపు ఖర్చు, ఒక శనివారం. నాలుగు వేసవులు దాటాయి, ఇంకా వెలుగుతున్నాయి.

ఇంతవరకు చెప్పింది పడవ సంగతి. దీని కోసమే నేను ఇంత దూరం రాలేదు.

మా బ్యాచ్‌లో రెండో బెంచీలో నా పక్కన కూర్చునేవాడు ఒకడుండేవాడు. పేరు చెప్పను, మీలో చాలామందికి తెలుసు. ఎనిమిదేళ్ల కిందట, మాసూళ్ల రోజుల్లో, రాత్రి ఎనిమిదింటికి కాలవగట్టు రోడ్డు మీద మోటారు సైకిలు మీద ఇంటికొస్తున్నాడు. గడ్డి లోడుతో ఒక ట్రాక్టరు ట్రక్కు టైరు పంచరై రోడ్డు మీద ఆగి ఉంది. వెనక దీపం లేదు, మెరిసే బిళ్ల కూడా లేదు. చీకట్లో గడ్డి రంగు, రోడ్డు రంగు ఒకటే. వాడు ఇంటికి చేరలేదు. వాడి భార్య ఈ సభలో ఉన్నారు. ఆవిడ అనుమతి తీసుకునే ఈ మాట చెబుతున్నాను.

ఆ వార్త తెలిసిన రోజు నేను డబ్బు పంపి ఊరుకున్నాను. ఆ ట్రాక్టరు తోలినతన్ని అందరితో పాటు నేనూ తిట్టాను. మళ్లీ నాలుగేళ్లకు, ఆ వేసవి రాత్రి, దీపం లేని బండి నాదే అయింది. వెనక వచ్చింది నా భార్యా బిడ్డా. మేం బతికి బయటపడ్డాం, వాడు పడలేదు. అంతే తేడా. అప్పటి నుంచి ఆ డ్రైవరును తిట్టడానికి నాకు నోరు రాలేదు. అతనూ నాలాగే "పాత బండి, ఇంతేలే" అనుకుని ఉంటాడు.

మన నిబంధనల ప్రకారం కూడా ట్రైలరు వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలి. చాలా ట్రాక్టర్లకు ట్రైలరు లైట్ల కోసం వెనక 7 పిన్నుల సాకెట్టు కంపెనీ నుంచే వస్తుంది. కానీ ట్రక్కుకు బిగించిన లైటు బురదలో, ఇటుకల కింద, గడ్డి వెనక ఎన్నాళ్లు బతుకుతుంది? దీనికి పడవలవాళ్ల దగ్గరే ఒక ఉపాయం ఉంది. ఇంగ్లండులో పడవ ట్రైలర్లకు లైట్లను బండికి బిగించకుండా ఒక చెక్కకు బిగిస్తారు. దారిలో ఆ చెక్కను పడవ వెనక కట్టుకుంటారు, నీళ్లలో దించే ముందు విప్పేస్తారు. గడ్డి లోడుకు సరిగ్గా సరిపోయేది అదే. లోడు ఎంత వెనక్కి వచ్చినా, దాని చివర చెక్క వేలాడదీస్తే చాలు.

నిన్న సాయంత్రం మన బడి పదో తరగతి పిల్లలు నలుగురు, నేను కలిసి అలాంటిది ఒకటి చేశాం. ఐదడుగుల చెక్క, రెండు ఎల్‌ఈడీ లైట్లు, రెండు ఎర్ర రిఫ్లెక్టర్లు, చెక్క పొడుగునా ఎర్రగా మెరిసే స్టిక్కరు, ట్రాక్టరు సాకెట్టు దాకా పొడుగాటి వైరు. బ్యాటరీ దిగిపోయినా, ప్లగ్గు ఊడినా, వెనక బండి వెలుగు పడితే రిఫ్లెక్టరు మెరుస్తుంది. ఆగిపోయిన బండికి లైటు కంటే అదే ముఖ్యం. మొదట పిల్లలు ఎర్త్ వైరు కలపడం మర్చిపోయారు, లైటు వెలగలేదు. నేను ఏమీ చెప్పలేదు. "తిరిగొచ్చే దారి ఏదిరా?" అని మాత్రం అడిగాను. ఒక అమ్మాయి ఠక్కున పట్టేసింది.

ఆ చెక్క ఇప్పుడు బయట, జెండా స్తంభం దగ్గరున్న ట్రాక్టరుకు కట్టి ఉంది. భోజనాలకు వెళ్లేటప్పుడు చూడండి.

సంఘానికి నా మనవి ఒక్కటే. ఏటా మాసూళ్లకు ముందు మన బడి సైన్సు గదిలో పిల్లల చేత ఇలాంటి చెక్కలు చేయిద్దాం. మన ఊళ్లో, చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న ప్రతి ట్రక్కుకూ ఒకటి ఇద్దాం. సామాను ఖర్చు మొదటి రెండేళ్లు మా 1985 బ్యాచ్ పెట్టుకుంటుంది. ఏటా పదిహేను రోజులు నేను వచ్చి పిల్లలతో కూర్చుంటాను. ఈ మాట ఇంతమంది ముందు అంటున్నాను కాబట్టి తప్పించుకునే వీలు లేదు.

మాస్టారూ, నేను ఈ ఊరి నుంచి వెళ్లిన దారి మీరు వేసిందే. తిరిగొచ్చే దారి చూసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఆలస్యానికి మన్నించండి.