కణకేంద్రకములో ఒక మాంసకృత్తు



ముసునూరు వంటి ఊళ్లలో పెండ్లి మాటలు నడచునపుడు, పెద్దలు గొంతు తగ్గించి అడుగు ప్రశ్న యొకటి కలదు: "వాళ్ల వంశంలో ఎవరికైనా మతి చలించిందా, బావగారూ?" అవునని తెలిసినచో సంబంధము తప్పిపోవుట కద్దు. ఇంతకును వంశము మనకిచ్చునదేమి? ఒక్క మాంసకృత్తు కథ ద్వారా దీనికి సమాధానము చెప్పుటకు మేము ప్రయత్నింతుము.

మామిడిపండులో టెంకవలె, మన జీవకణములలో కేంద్రకము ఉండును. అందు 46 క్రోమోసోములు, వానిలో వరుసగా జన్యువులు ఉండును. జన్యువు ఆజ్ఞ వంటిది. మాంసకృత్తు ఆ ఆజ్ఞపై తయారై పనిచేయు పనివాని వంటిది.

మన కథ స్కాట్లండులో ఆరంభమైనది. అచటి ఒక కుటుంబములో 1వ క్రోమోసోము, 11వ క్రోమోసోము విరిగి, ఒకదాని ముక్క మరొకదానికి అతుకుకొన్నట్లు 1970లో వెల్లడియైనది. మన తోటలలో అంటును రైతు కోరి కట్టును. ఇది ప్రకృతి తెలియక కట్టిన అంటు. ఈ మార్పుతోపాటు మానసిక వ్యాధులును ఆ కుటుంబములో తరతరములుగా వచ్చుచున్నవని 1990లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. 2000లో ఎడింబరో పరిశోధకులు అతుకు పడినచోట తెగిపోయిన జన్యువును గుర్తించి, దానికి డిస్క్-1 అని పేరిడిరి.

ఆ జన్యువు చేయించు మాంసకృత్తు 854 అమైనో ఆమ్లముల గొలుసు. అది కణములో ఒక్కచోటనే ఉండదు. కేంద్రకము వెలుపల మైటోకాండ్రియాల వద్ద కనిపించును. కేంద్రకము లోపలను కనిపించును. తోటలో నీరు కట్టు పాలేరే సాయంత్రము ఇంటిలో లెక్కలు చూచినట్లు, చోటు మారినచో దాని పనియు మారును. కేంద్రకములో అది చిన్న చుక్కలుగా గుమిగూడి, ఏటీఎఫ్-4 అను మరొక మాంసకృత్తుతో జత కట్టును. కణమునకు కష్టము కలిగినపుడు కొన్ని జన్యువులను మేల్కొలుపుట ఏటీఎఫ్-4 పనులలో ఒకటి. డిస్క్-1 జన్యువుల మేల్కొలుపునకు పగ్గము వేయునని 2008లో అకిరా సావా బృందము తెలిపినది. పండ్లపై మూగు చిన్న ఈగల కేంద్రకములలో ఈ మాంసకృత్తును ఉంచగా, వాని నిద్రక్రమము మారినది. స్కిజోఫ్రీనియా రోగులకు నిద్ర చెడుట సామాన్యము గనుక ఇది గమనింపదగినదే; అయినను ఈగ మనిషి కాదు.

ఇక వంశము మాట. ఆ స్కాట్లండు కుటుంబములో ఈ మార్పు గలవారు 29 మందిని పరీక్షించి 2001లో ఫలితములు ప్రకటించిరి. వారిలో 7గురికి స్కిజోఫ్రీనియా, ఒకరికి ఉన్మాద విషాదములు మారిమారి వచ్చు వ్యాధి, 10 మందికి మరల మరల వచ్చు తీవ్ర విషాదము కలిగెను. తక్కిన 11 మందికి ఈ మూడింటిలో ఏదియు లేదు. దోషము ఒక్కటే, ఫలితములు పలువిధములు. ఆ కుటుంబమున కింత ప్రధానమైన డిస్క్-1, సామాన్య రోగులలో ముఖ్యకారణముగా తేలలేదు. స్కిజోఫ్రీనియాతో సంబంధము గల జన్యుస్థానములు 287 అని 2022లో ఒక పెద్ద పరిశోధన చూపినది. వానిలో ఒక్కొక్కదాని ప్రభావము స్వల్పమే.

బంగినపల్లి టెంకను పాతినచో తల్లిచెట్టు కాయలవంటి కాయలే కాయునని నూజివీటి ప్రాంతపు రైతు హామీ ఇవ్వడు. టెంక విషయమున నేర్చిన ఈ వివేకమును మనుష్యుల విషయమున మనమేల మరతుము? వంశము వలన అవకాశము హెచ్చవచ్చును. అది తీర్పు కాదు, శాపము అంతకన్న కాదు.

ఇంటిలో నొకరు నిద్ర మాని, ఎవరో తనతో మాటలాడుచున్నారని చెప్పుచు, అందరిని అనుమానించుచుండినచో, భూతవైద్యుల వెంట తిరుగుచు నెలలు గడుపరాదు. మానసిక వైద్యుని కడకు త్వరగా కొనిపోవలెను. మందులు కలవు, వైద్యుడు చెప్పకుండ వానిని మానరాదు. దారి తోచనివారు 14416 సంఖ్యకు టెలిఫోను చేసినచో, 2022లో ఆరంభమైన టెలి మానస్ సేవ వారికి సలహా ఇచ్చును. రోగమును దాచిన ఇల్లు రోగిని ఒంటరిని చేయును. పెండ్లి మాటలలో ఆ ప్రశ్న మరల వచ్చినపుడు, "చికిత్స జరుగుచున్నదా?" అని అడుగుట నేర్చుకొందము.