మనాది కూడా జబ్బే

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన సంఘం జరిపిన అంతర్జాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9 అంటే మనం జెండా ఎగరేస్తాం, కుమ్రం భీం విగ్రహానికి దండ వేస్తాం, డోలు మోగిస్తాం. పండుగ పూట మానసిక జబ్బుల ముచ్చట ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూర్ వాళ్లు, హైదరాబాదులో చదువుకుంటున్న పిల్లలు, దూరదేశాల్లో పనిచేసే తమ్ముళ్లు అందరూ ఒక్కచోట దొరికేది ఈ రోజే. అందుకే ఒప్పుకున్నాను. నేను డాక్టర్ని కాను. ఏజెన్సీ ఆస్పత్రుల్లో ఇరవై రెండేళ్లు నర్సుగా పనిచేశాను. అందులో చివరి తొమ్మిదేళ్లు మానసిక రోగుల ఓపీ దగ్గర. అక్కడ చూసినవి, ఆ తర్వాత చదివి తెలుసుకున్నవి చెప్తాను.

మన దిక్కు తెలుగులో మనాది అని ఒక మాట ఉంది. ఆంధ్ర వైపు మనేద అంటారు. "కొడుకు పోయినకాడి నుంచి ముసలమ్మకు మనాది పట్టుకుంది" అంటాం. "మనాదితోనే పోయిండు" అని కూడా అంటాం. డాక్టర్లు డిప్రెషన్ అనే జబ్బుకు ఇంత దగ్గరి మాట నాకు ఇంకొకటి దొరకలేదు. మనాదితో మనిషి చనిపోవచ్చని మన పెద్దలకు ఎప్పటి నుంచో తెలుసు. దానికి వైద్యం ఉందన్న సంగతే ఇంకా గూడెం దాకా చేరలేదు.

ఆస్పత్రికి వచ్చిన మనిషి మాత్రం మనాది అని చెప్పదు. తల నొస్తుందంటుంది, గుండె దడదడ కొట్టుకుంటుందంటుంది, నిద్ర పడతలేదు, తిన్నది ఒంటికి పడతలేదు అంటుంది. డాక్టరుకు గోండీ రాదు, కొలామీ రాదు. ఆమెకు తెలుగు అంతంతమాత్రం. నొప్పి గోలీలు, ఒక బలం సూది ఇచ్చి పంపించేస్తారు. అట్లా మూడుసార్లు తిరిగిన మనిషి నాలుగోసారి రాదు.

"ఇవన్నీ పట్నపోళ్ల జబ్బులు, అడవి బిడ్డలకు రావు" అని మన సభల్లోనే మాట్లాడేవాళ్లు ఉన్నారు. మన మీద ప్రేమతోనే అంటారు, కానీ ఆ మాటతో నష్టమే జరుగుతోంది. 2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక జబ్బుతో ఉన్నారని అందులో తేలింది. వాళ్లలో వైద్యం అందనివాళ్లు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. ఆ 12లో ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ ఉన్నాయి గానీ తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. మనల్ని లెక్కపెట్టలేదు కాబట్టి మనకు జబ్బులు లేవనుకోవడం అమాయకత్వం.

ఒక పిల్లవాడి సంగతి చెప్తాను. పేరు, ఊరు చెప్పను, కొన్ని వివరాలు మార్చాను. చిన్నప్పటి నుంచి ఆశ్రమ పాఠశాలలో చదివి, డిగ్రీ రెండో ఏడుకు వచ్చాడు. సెలవులకు ఇంటికొచ్చి నిద్ర మానేశాడు. ఫోనులో అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారని దాన్ని బండకేసి కొట్టాడు. వదిన అన్నంలో ఏదో కలుపుతోందని తినడం మానేశాడు. ఇంట్లోవాళ్లు మంచివాళ్లు, పిల్లవాడంటే ప్రాణం. ముగ్గురు మంత్రగాళ్ల దగ్గరికి తిప్పారు. కోళ్లు పోయాయి, మేకలు పోయాయి, చివరికి ఎడ్ల జత అమ్మారు. మూడో మంత్రగాడు "మీ ఊరి ముసలామే చేసింది" అన్నాడు. ఆ ముసలామెకు భర్త లేడు, పిల్లలు లేరు, ఊరి చివర ఒక్కతే ఉంటుంది. ఇలాంటి నింద ఎప్పుడూ అలాంటి మనిషి మీదే పడుతుంది, గమనించారా?

తర్వాత ఏం జరిగేదో మీకు తెలుసు. మన జిల్లాల్లో మంత్రాల నెపంతో, విశాఖ మన్యంలో చిల్లంగి పేరుతో మనుషుల్ని చంపిన వార్తలు మీరూ చదివే ఉంటారు. ఆ ఊరి పటేల్ గట్టివాడు. "ముందు పిల్లగాన్ని పెద్దాస్పత్రిలో చూపియ్యండి, ముసలమ్మ సంగతి తర్వాత మాట్లాడుదాం" అన్నాడట. అప్పటికి ఎనిమిది నెలలు గడిచాయి. అందులో రెండు నెలల నుంచి పిల్లవాడి కాలికి గొలుసు ఉంది. నా దగ్గరికి వచ్చేసరికి చీలమండ దగ్గర పుండు పడింది. మందు మొదలైన పది రోజులకు నిద్ర పట్టింది. ఆరు వారాలకు చెవుల్లో వినబడే మాటలు తగ్గాయి. ముసలమ్మ జోలికి మళ్లీ ఎవరూ పోలేదు. పిల్లవాడు రోజుకు రెండు మాత్రలు మింగడం వల్ల ఆమె కూడా బతికిందని నేను అనుకుంటాను. ఏ రిజిస్టరులోనూ ఇది రాయరు.

దీపావళి ముందు దండారి వచ్చింది. బాగున్నాను కదా అని మాత్రలు ఆపేశాడు. నెలన్నరకు మళ్లీ మొదలైంది. ఈసారి గొలుసు వేయలేదు, మంత్రగాడి దగ్గరికి పోలేదు, మూడో రోజుకే తీసుకొచ్చారు. తొందరగా తేరుకున్నాడు. ఇప్పుడు కొంచెం భూమి చేస్తున్నాడు, చదువు మధ్యలోనే ఉంది.

గొలుసు గురించి ఒక మాట. 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఎర్వాడి అనే ఊరిలో మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుంది. కాళ్లకు గొలుసులు ఉండటంతో పారిపోలేక 28 మంది కాలిపోయారు. ఆ ఘటన తర్వాతే దేశం ఈ విషయం గురించి మాట్లాడటం నేర్చుకుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసుతో బంధించడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు అని కూడా అదే చట్టం చెప్పింది. పోలీసు కేసు అవుతుందన్న భయంతో విషం తాగిన మనిషిని ఇంట్లోనే దాచేసిన ఇళ్లను నేను చూశాను. ఇక ఆ భయం అక్కర్లేదు.

మంత్రగాడిని నేను తిట్టను. ఆయన రోగి చెయ్యి పట్టుకుంటాడు, ఇంట్లోవాళ్లందరినీ కూర్చోబెడతాడు, మన భాషలో అరగంట మాట్లాడతాడు. ఓపీలో మనకు దొరికేది రెండు నిమిషాలు. పూజ చేయించుకోండి, దారం కట్టించుకోండి, మాత్ర కూడా వేసుకోండి. పేరు పెట్టి ఒక మనిషిని చూపించే మంత్రగాడి దగ్గర మాత్రం ఒక్క నిమిషం కూర్చోవద్దు.

మందు గురించి అందరూ అడిగేది "జీవితాంతం వాడాలా?" అని. జబ్బును బట్టి ఉంటుంది. మనాది మందు పనిచేయడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారం వాడి గుణం లేదని పారేస్తే ఎట్లా? బాగయ్యాక కూడా కొన్ని నెలలు కొనసాగించాలి. ఆపాలంటే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. బాలింతల సంగతి వేరు. కాన్పయిన రెండు వారాల లోపల నిద్ర అసలు లేకుండా, పొంతన లేని మాటలు మాట్లాడుతూ, బిడ్డను గుర్తుపట్టకపోతే గాలి సోకిందని ఇంట్లో ఉంచొద్దు. ఆ రోజే బండి కట్టండి. తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ప్రమాదం.

ఇక తట్టుకునే శక్తి గురించి. ఒకే కష్టం వచ్చిన ఇద్దరిలో ఒకరు విరిగిపోతారు, ఒకరు నిలబడతారు. ఎందుకని? అమెరికాలోని హవాయి దీవుల్లో కవాయ్ అనే దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే పరిశోధకురాలు, ఆమె తోటివారు దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, తాగుడు, గొడవల మధ్య పెరిగినవాళ్లలో కూడా మూడో వంతు మంది చక్కగా స్థిరపడ్డారు. వాళ్లకు ఉమ్మడిగా కనిపించిన వాటిలో ఒకటి, తమను నమ్మిన కనీసం ఒక పెద్ద మనిషి ఉండటం. తల్లిదండ్రులే కానక్కర్లేదు, తాత కావచ్చు, టీచరు కావచ్చు. ఆరేళ్లకే ఇల్లు వదిలి, తనకు రాని భాషలో పాఠం వింటూ ఆశ్రమ పాఠశాలలో పెరిగే మన పిల్లలకు ఆ ఒక్క మనిషి ఎవరు? కొన్నిచోట్ల వంట చేసే అక్క ఆ పని చేస్తోంది, జీతం లేకుండా. 1940లలోనే మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ గోండీ వాచకాలతో చదువు మొదలుపెట్టించాడు. ఎనభై ఏళ్ల తర్వాత కూడా పిల్లవాడు తన భయాన్ని తన భాషలో చెప్పుకునే వీలు హాస్టల్లో లేకపోవడం నాకు మింగుడుపడదు.

మనలాంటి సంఘాలు తప్పక తెలుసుకోవాల్సిన పరిశోధన ఇంకొకటి ఉంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో దాదాపు 200 ఆదివాసీ సమూహాలను మైకేల్ చాండ్లర్, క్రిస్టఫర్ లాలోండ్ పరిశీలించి 1998లో ప్రచురించారు. ఆదివాసీ యువతలో ఆత్మహత్యలు ఎక్కువని అక్కడ అందరూ అనేవారు. వీళ్లు ఊరూరా విడగొట్టి చూస్తే, సగానికి పైగా సమూహాల్లో ఆ కొన్నేళ్లలో ఒక్క యువకుడూ ఆత్మహత్య చేసుకోలేదు. కొన్నింటిలో మాత్రం విపరీతంగా ఉన్నాయి. సొంత పాలన, భూమి కోసం పోరాటం, బడి, ఆస్పత్రి, సాంస్కృతిక కేంద్రం ఇలాంటివి తమ చేతిలో ఎన్ని ఎక్కువగా ఉంటే ఆత్మహత్యలు అంత తక్కువ. సొంత భాష ఎక్కువ మంది మాట్లాడే చోట్ల చాలా తక్కువని 2007లో మళ్లీ చూపించారు.

స్టేజీ మీద గుస్సాడి ఆడితే సరిపోతుందని ఎవరూ అనుకోవద్దు. ఆ జాబితాలో భూమి ఉంది, బడి ఉంది, ఆస్పత్రి ఉంది. పోడు పట్టా కోసం ఏళ్ల తరబడి తిరిగి నిద్రపోని రైతుకు నిద్రమాత్ర రాసిస్తే అది సగం వైద్యం కూడా కాదు. అలాగే మన జాతరను తక్కువ చేయొద్దు. నాగోబా జాతరకు ముందు మెస్రం వంశస్తులు కేస్లాపూర్ నుంచి కలమడుగు దగ్గరి గోదావరి దాకా నడిచిపోయి నీళ్లు తెస్తారు. ఏడాదిలో పోయినవాళ్ల పేరిట మర్రిచెట్ల కింద తూమ్ పూజలు చేస్తారు. కొత్త కోడళ్లను భేటింగ్‌లో వంశానికి పరిచయం చేస్తారు. దుఃఖాన్ని ఇంట్లో ఒక్కరే మోయకుండా వంశమంతా కలిసి మోసే ఏర్పాటు అది. పట్నంలో ఉన్న పిల్లలారా, సెలవు దొరకడం కష్టమే, అయినా ఆ రోజుల్లో రండి.

తాగుడు సంగతి దాటవేయలేను. ఇప్పసారా పెన్‌లకు పెట్టేది, దాన్ని తప్పుపట్టను. నేను మాట్లాడేది పొద్దున లేవగానే చెయ్యి వణికితే తాగే గుడుంబా, సీసా మందు గురించి. అలాంటి మనిషికి ఒక్కసారిగా ఒట్టు వేయించి మాన్పించకండి. మానిన రెండు మూడు రోజులకు ఫిట్స్ రావచ్చు, లేని పాములు కనబడవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. ఆస్పత్రిలో మందులు, విటమిన్ సూదులతో మాన్పించాలి.

ఇంకొకటి, మనది పత్తి పండించే జిల్లా. పురుగుమందు డబ్బా మంచం కిందే ఉంటుంది. చావాలన్న తలంపు చాలామందికి కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపు డబ్బా చేతికి అందకపోతే మనిషి బతుకుతాడు. శ్రీలంక ప్రమాదకరమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించింది. 1995 తర్వాత అక్కడ ఆత్మహత్యలు మూడో వంతు కంటే తక్కువకు దిగాయి. మనం ఊరికొక తాళం పెట్టె పెట్టుకోలేమా? అనుమానం వస్తే "చావాలనిపిస్తోందా బిడ్డా?" అని సూటిగా అడగండి. అడిగితే కొత్తగా ఆ ఆలోచన పుడుతుందన్నది నిజం కాదు. చాలామంది అడిగినందుకే ఏడ్చి తేలికపడతారు.

జింబాబ్వేలో చాలినంత మంది మానసిక వైద్యులు లేరు. డిక్సన్ చిబాండా అనే డాక్టరు 2006లో అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆస్పత్రి బయట చెట్టు కింద బెంచీ మీద కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ల కష్టాల్లో ముందు ఒకటి ఎంచుకుని, ఈ వారం చేయగలిగిన చిన్న పని ఏమిటో అవ్వ వాళ్లతోనే ఆలోచింపజేస్తుంది. ఆరు నెలలకు చూస్తే మామూలు వైద్యం పొందినవాళ్ల కంటే వీళ్లే బాగా కోలుకున్నారని 2016లో ప్రచురించారు. అక్కడి భాషలో మనాదికి "కుఫుంగిసిసా" అంటారట, అంటే అతిగా ఆలోచించడం. అవ్వలు మనకూ ఉన్నారు, చెట్లూ ఉన్నాయి. ప్రతి రాయి సెంటర్ పరిధిలో ఇద్దరు మహిళలను ఎంపిక చేసి, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వాళ్లతో శిక్షణ ఇప్పించమని ఈ సంఘాన్ని అడుగుతున్నాను. ఉట్నూరు ఐటీడీఏకు అర్జీ నేనే రాస్తాను, సంతకాలు మీరు పెట్టండి.

అప్పటిదాకా ఒక నంబరు రాసుకోండి: 14416. టెలీ మానస్, 2022 అక్టోబరు 10న మొదలైంది. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. సిగ్నల్ లేని గూడేల వాళ్లకు ఈ నంబరు ఎలా ఉపయోగపడుతుందని అడుగుతారేమో. సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కడుందో ఆశా కార్యకర్తకు తెలుసు, ఆమెకు చెప్పండి.

నా మాటలు ఇక్కడికి ఆపుతాను. ప్రశ్నలు అడగండి. తెలుగులో అడగొచ్చు, గోండీలో అడగొచ్చు. అందరి ముందు అడగలేని ప్రశ్న ఉంటే సంఘం కార్యదర్శికి చెప్పండి, నేనే ఫోను చేస్తాను. జై సేవా.