కిరణ చికిత్స – ప్రాణవాయువు



రాచపుండు, అనగా కాన్సరు వ్యాధికి చేయు కిరణ చికిత్సను పల్లెలలో “కరెంటు పెట్టుట” అందురు. వారమునకు అయిదు దినముల చొప్పున అయిదారు వారములు ఈ చికిత్స సాగుట తరచు. కంతి తగ్గినట్లు కనిపింపగానే, కోతలు తలచుకొని రోగి ఇల్లు చేరుటయు కలదు. అట్లు నడుమ మానుట ఎందులకు కీడో గ్రహింపవలెనన్న, ప్రాణవాయువు చేయు పనిని తెలిసికొనవలెను.

1909లో గాట్‌వాల్డ్ ష్వార్జ్ అను వైద్యుడు ఒక వింత గమనించెను. చర్మమును గట్టిగా అదిమి, అచట నెత్తురు ఆడకుండ జేసి కిరణములు సోకించినచో, చర్మమునకు కలుగు హాని తగ్గినది. నెత్తురుతోపాటు ప్రాణవాయువు తగ్గుటయే దీనికి కారణమని తరువాత తేలినది. 1955లో ఇంగ్లండునందు థామ్లిన్సన్, గ్రే అను శాస్త్రజ్ఞులు ఊపిరితిత్తుల కంతులను సూక్ష్మదర్శినితో పరీక్షించిరి. రక్తనాళములకు దూరమైన నడిమి కణములు చచ్చియున్నవి. నాళము నుండి ప్రాణవాయువు చేరగల దూరము సుమారు 0.15 మిల్లీమీటరు మాత్రమే యని వారు లెక్కగట్టిరి. కాలువ చెంతనున్న మడికి నీరు పుష్కలము. చివరి మడికి అరకొర. కంతిలోను అంతే.

కిరణము తాకినపుడు కణములోని డి.ఎన్.ఏ. దెబ్బతినును. ప్రాణవాయువు ఆ దెబ్బను స్థిరపరచును. అది లేనిచో దెబ్బ చాలవరకు సరియగును. కావున ప్రాణవాయువు అందని కణమును చంపుటకు రెండున్నర నుండి మూడు రెట్లు మోతాదు కావలెను. అంత మోతాదు ఒక్కమారే యిచ్చినచో ఆరోగ్యమైన శరీరభాగములు తాళజాలవు.

అందుచేతనే మోతాదును దినదినము పంచి యిత్తురు. మొదట నాళముల చెంత కణములు నశించును. ప్రాణవాయువును వాడుకొనునవి తగ్గుటచే అది లోపలి కణములకును అందును. పై మడి తడిసి మడవ కట్టిన పిమ్మట క్రింది మడికి నీరు దిగినట్లు. అపుడు తరువాతి మోతాదునకు అవియు లొంగును. ఆరోగ్యకణములు కోలుకొనుటకును వ్యవధి చిక్కును. కంతి చిన్నదైనంత మాత్రమున మానినచో, లోపల మిగిలినవి మరల పెరుగును.

చుట్ట, బీడీల పొగలోని కార్బన్ మోనాక్సైడు నెత్తురులో ప్రాణవాయువు స్థానము నాక్రమించును. చికిత్స పొందువారు వానిని తప్పక విడువవలెను. రక్తహీనత యున్నచో వైద్యునకు తెలుపవలెను.

గ్రంథాలయమున చదివిన సంగతి గడప దాటి పొరుగింటికి చేరినపుడే దానికి సార్థకత. చికిత్సను చివరి దినము వరకు సాగింపుమని ఒక్క రోగికి నచ్చజెప్పగలిగినను, ఆ చదువు ఫలించినట్లే.