మిల్లు మూతపడిన పిమ్మట

(బ్రాడీపేట పఠనాలయమున మేము చేసిన ప్రసంగపాఠము)



ఈ పేటయందు న్యాయవాదులకును వైద్యులకును కొఱతలేదు. మిల్లుకూలీలు మాత్రము కానరారు. అయినను జూట్ మిల్లు కూత విని నిదురలేచిన కుటుంబములు ఈ నగరముననే యెన్నియో యుండెను. ఆ మిల్లు మూతపడినది. విదేశపు సరకు వచ్చి పడుటచే పని పోయినవానికి ప్రభుత్వము చేయవలసిన సాయమెట్టిదో చెప్పుమని మీరు కోరితిరి గనుక, గోనెసంచితోనే ప్రారంభింతము.

బంగ్లాదేశము, నేపాళముల నుండి జనుపదారమును గోనెసంచులును అన్యాయమైన చవుకకు దిగుచున్నవని మిల్లు యజమానులు మొఱపెట్టుకొనగా, కేంద్రప్రభుత్వము విచారణ జరిపి 2017 జనవరిలో వానిపై ప్రత్యేక సుంకము విధించి, 2022లో పొడిగించెను. అట్టి విచారణలకు 1995లో చేసిన నిబంధనలు గలవు. దేశీయ పరిశ్రమకు హాని కలిగినదా యని తేల్చుటకు చూడవలసిన గుర్తులలో ఉద్యోగములును వేతనములును అందు పేర్కొనబడినవి. అనగా పనివాని నష్టము సాక్ష్యమునకు పనికివచ్చును. సుంకపు సొమ్ము బొక్కసమునకు పోవును. ధర నిలిచినందువలని లాభము యజమానికి పోవును. ఎవని కష్టమును చూపి వ్యాజ్యము గెలిచిరో వానికి కాసైనను ముట్టదు!

మిల్లులు మూతపడుటకు దిగుమతులొక్కటియే కారణమని మేమనము. ప్లాస్టిక్కు సంచులు, అరిగిన యంత్రములు, ఊరినడుమ నేల ధర పెరుగుట యన్నియు కలసివచ్చును. అందుచేతనే, దిగుమతివలననే పని పోయెనని ఋజువు చేసినవానికి మాత్రమే సాయమనుట తగదు. అమెరికాలో 1962లో ఇట్టి చట్టము చేసిరి. ఋజువు ఎంత కఠినమనగా 1969 వఱకు ఒక్క కార్మికసంఘము అర్జీయు నెగ్గలేదు. 1974లో షరతులు సడలించిన పిమ్మటనే అది జనమునకు అందెను. 2022 జూలై నుండి అచ్చటను క్రొత్త అర్జీలు నిలిచిపోయినవి.

మనకును ఒక నిధి యుండెను. 1986లో నెలకొల్పిన నేతమిల్లు కార్మికుల పునరావాసనిధి మొదటియేడు జీతములో నూటికి 75, రెండవయేడు 50, మూడవయేడు 25 వంతున ఇచ్చెడిది. ఆలోచన మంచిదే. కాని మిల్లు శాశ్వతముగ మూతపడినట్లు చట్టప్రకారము తేలవలెను. ఇక్కడనే కిటుకున్నది. చిట్టివలస జూట్ మిల్లునకు 2009లో లాకౌటు ప్రకటించిరి. తాళము పడును గాని చట్టము కంటికి అది మూసివేత కాదు. మూసివేత కానందున అప్పటికి అమలులోనున్న 1947 నాటి చట్టము చెప్పిన పరిహారము, ఏడాది సర్వీసునకు పదునైదు దినముల జీతము, రాదయ్యెను. కార్మికుడు పనిలోనివాడును గాడు, పని పోయినవాడును గాడు. గేటు ముందర కూర్చుండువాని నేమని పిలువవలెనో మాకు తెలియకున్నది.

ఆ నిధిని 2017లో ఇ.ఎస్.ఐ. వారి నిరుద్యోగభృతి పథకమున కలిపివేసిరి. 2018లో ఇ.ఎస్.ఐ.వారే మఱియొక పథకము తెచ్చిరి. జీవితమున ఒక్కమాఱు, తొంబది దినములు మాత్రము.

ఇఁక మన పత్తి సంగతి. 2021లో దిగుమతిపత్తిపై నూటికి పదునొకండు సుంకము వేసి, 2025 ఆగస్టు నుండి డిసెంబరు చివఱి వఱకు తొలగించిరి. నూలుమిల్లులవారు సంతసించిరి, వారికిది ఊపిరియే, అందలి కూలికిని పని నిలుచును. రైతు గోడు మీరెఱిగినదే. మూడవవాడొకడున్నాడు, వాని నెవ్వరును తలపరు. విదేశపు బేలు గింజ తీసియే వచ్చును. దానికి జిన్నింగు లేదు, ప్రెస్సు లేదు. నూనెమిల్లునకు పత్తిగింజ లేదు, పశువునకు చెక్క లేదు. ఆ కూలికి ఇ.ఎస్.ఐ. గలదా? ఏడాదిలో కొన్ని మాసములే నడచు కార్ఖానాలను 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టము మినహాయించెను. పత్తి జిన్నింగు ఆ జాబితాలో పేరుతో సహా ఉండెను. కనుక ఇ.ఎస్.ఐ. గుమ్మమున నుంచిన భృతి గుంటూరు జిన్నింగు కూలికి అందనే అందదు.

సొమ్మెక్కడిదని అడుగుదురేమో. 1953లో మిల్లుబట్టపై గజమునకింత యని పన్ను వేసి, ఆ పైకము చేనేతకును ఖద్దరునకును వినియోగించుటకు పార్లమెంటు చట్టము చేసినది. అదే మార్గమున దిగుమతిపై వచ్చు ప్రత్యేక సుంకములో ఒక భాగమును పనివాని పేర నుంచవచ్చును. తొంబది దినములు దాటిన లాకౌటును భృతి విషయమున మూసివేతగా నెంచవలెను. జిన్నింగు కూలిని ఆ మినహాయింపు నుండి తొలగింపవలెను. పఠనాలయమువారు కార్మికశాఖకు వ్రాయనున్న అర్జీలో ఈ సంగతులు చేర్చినచో మొదటి చేవ్రాలు మేము చేయుదుము. రెండవది జిన్నింగు కూలిది కావలెను, వ్రేలిముద్రయైనను సరియే.