రాతప్రతికి తగిన దిద్దుబాటు

ఏలూరు జిల్లా నూజివీడు ప్రాంతంలోని చిన్నరసాలు, బంగినపల్లి మామిడి తోటల సాగు గురించి ఒక రైతు పుస్తకం రాసుకుంటే, ఆ రాతప్రతికి ఎంతటి పరిష్కరణ, అంటే ఎంత లోతైన దిద్దుబాటు, అవసరమో అచ్చుకు ముందే తేల్చుకోవాలి. పూత సంగతి మధ్యలో కోత, కోత మధ్యలో అంట్లు కట్టడం వచ్చి పడితే, అధ్యాయాలను తిరిగి అమర్చే నిర్మాణ పరిష్కరణ కావాలి. అమరిక బాగుండి వాక్యాలు మాత్రమే తడబడుతుంటే భాషా పరిష్కరణ చాలు. అయితే తోటలో పలికే మాటలను తీసేసి గ్రంథాల మాటలు పెట్టే పరిష్కర్తకు ఆ ప్రతిని ఇవ్వకపోవడమే మేలు. ప్రూఫు దిద్దడం పేజీలు కూర్చిన తరువాతి పని. అది అచ్చుతప్పులను ఏరుతుందే గాని, కుదరని అధ్యాయాన్ని కుదర్చదు.

1829లో వేమన పద్యాలను అచ్చువేయించిన సి.పి. బ్రౌన్ చేసింది ఈ మూడింటికీ భిన్నమైన పని: పండితుల సాయంతో పలు ప్రతులను పోల్చి పాఠాన్ని నిర్ణయించడం. కవి లేనప్పుడు అది తప్పదు. రచయిత ఎదుటనే ఉంటే సందేహాన్ని ఆయననే అడగవచ్చు.

ముందు అమరిక, తరువాత భాష, చివర ప్రూఫు. ఏది కావాలో తేలని రచయిత ఒక్క అధ్యాయాన్ని పరిష్కర్తకు పంపి, దిద్ది వచ్చినదాన్ని చూసి, మొత్తం ప్రతికి రుసుము మాట్లాడుకోవచ్చు.