ఉద్యోగమునకు వ్రాయు లేఖ
(మార్కాపురం, గిద్దలూరు ప్రాంత గ్రామపంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యుల యెదుట మంచినీటిని గురించియో, వీధి దీపములను గురించియో ప్రసంగించుట పరిపాటి. నేడు మేము ఒక చిన్న కాగితమును గురించి చెప్పదలచితిమి. మన గ్రామములలో చదువుకొన్న యువతీ యువకులు ఉద్యోగమునకై బయోడేటాకు పైన జతపరచి పంపు లేఖ అది. దీనితో పంచాయతీకేమి పని యని కొందరు అనుకొనవచ్చును. ఆ పిల్లలు సిఫారసు కొరకు వచ్చునది మీ గడపకే కదా!

ప్రభుత్వోద్యోగములకు ఈ లేఖతో పని తక్కువ. 2019లో గ్రామ సచివాలయముల ఉద్యోగములు భర్తీ చేసినప్పుడు మీరందరు చూచితిరి. దరఖాస్తు నమూనా ప్రభుత్వమే యిచ్చినది. తక్కినది పరీక్షలోని మార్కులు తేల్చినవి. కాని చీమకుర్తి గ్రానైటు కర్మాగారములకు, హైదరాబాదు, బెంగుళూరు కంపెనీలకు పోవలెనన్న సంగతి వేరు. అక్కడ మనవానికి మేనమామ లేడు, బావమరిది లేడు. వాని తరఫున మాట్లాడునది ఆ లేఖ యొక్కటే.

ఆ మధ్య మేము మార్కాపురములో ఒక జిరాక్సు దుకాణము కడ నిలుచుండగా, ఒక యువకుడు వచ్చి దరఖాస్తు లేఖ కావలెనని అడిగెను. దుకాణదారు కంప్యూటరులో సిద్ధముగా నున్న లేఖను తీసి, పేరు మార్చి, అచ్చు వేసి యిచ్చెను. క్రమశిక్షణ కలవాడను, కష్టించి పనిచేయువాడను, అవకాశమిచ్చినచో కంపెనీ అభివృద్ధికి పాటుపడుదును అని అందున్నది. అంతకుముందు వచ్చినవానికిని అదే లేఖ. తొందరలో తండ్రి పేరు మార్చుట మరచిపోయినాడు కూడ! ఇప్పుడు సెల్‌ఫోనులోని కృత్రిమ మేధను అడిగినను క్షణములో ఇట్టి లేఖ వచ్చును. భాష మెరుగుగా నుండును గాని, మనము చెప్పని సంగతి దానికి మాత్రమెట్లు తెలియును?

మేము ఆ యువకుని పలుకరించితిమి. పొలములో బోరు ఎండిపోయినదట. ఇంటిల్లిపాది ఆశ వానిమీదనే యున్నదట. అప్పటికే మూడు చోట్లకు అదే లేఖ పంపెను. ఒక్క చోటినుండియు బదులు లేదు.

"ఇప్పుడేమి చేయుచున్నావు?" అని అడిగితిమి.

"పలకల ఫ్యాక్టరీలో మూడేండ్లుగా రాయి కోస్తున్నాను సార్."

"ఆ మాట లేఖలో లేదేమి?"

"అది కూడా రాస్తారా సార్?"

ఈ ప్రశ్న మమ్ము చాల దినములు వెంటాడినది. మార్కాపురము పలకలమీద దేశములో ఎన్ని తావుల పిల్లలు అక్షరములు దిద్దుకొన్నారు! నోటు పుస్తకములు, ప్లాస్టిక్కు పలకలు వచ్చి ఆ గిరాకీ తగ్గినను, ఆ రాయి నేటికిని నేలకు, గోడకు పరచు బిళ్లలుగా విదేశములకు పోవుచున్నది. రాయి పొరను చూచి చీల్చుట, కొలతకు కోయుట, మెరుగు పెట్టుట ఒక్క దినములో వచ్చు విద్య కాదు. గ్రానైటు యజమానికి కావలసినదియు అదియే. అట్టి దానిని దాచి, అందరును చెప్పు క్రమశిక్షణను వ్రాసికొన్నాడు.

ఇంకొక పొరపాటు మన అలవాటునుండి వచ్చినది. పింఛనుకు, రేషను కార్డుకు మనము అర్జీలు వ్రాయుదుము. అక్కడ పేదరికమే అర్హత. కనుక దానిని వివరింపక తప్పదు. ఆ చేతితోనే ఉద్యోగమునకును వ్రాసి, "దయతలచి ఆదుకొనవలెను" అని ముగింతుము. యజమాని జాలిపడవచ్చును గాని, జాలితో యంత్రము నడవదు గదా.

శ్రీనివాస రామానుజన్ పేరు మీరు వినియుందురు. 1912 ఫిబ్రవరిలో ఆయన మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా పనికి దరఖాస్తు వ్రాసెను. అప్పుడు మన మార్కాపురము తాలూకాయు ఆ మద్రాసు రాజధానిలోనిదే, కర్నూలు జిల్లాలో నుండెడిది. కడు పేదరికములో నున్నను ఆయన వ్రాసినవి కొద్ది వాక్యములే. మెట్రిక్యులేషను ప్యాసైతినని, ఎఫ్.ఏ. వరకు చదివి పరిస్థితులు అనుకూలింపక ఆగితినని, అప్పటినుండి కాలమంతయు గణితమునకే వినియోగించుచున్నానని, ఇచ్చిన పని చేయగలనన్న నమ్మకమున్నదని తెలిపెను. కష్టములకు ఒక్క ముక్క చాలించెను. చదువు ఆగిన సంగతి దాచలేదు. తన గణితము నెరిగిన ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యుని సిఫారసు జతపరచెను. నెలకు 30 రూపాయల ఉద్యోగము దొరకినది. మరుసటి జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీకి వ్రాసిన ప్రసిద్ధమైన లేఖలోను, తానొక గుమాస్తానని మొదటనే చెప్పి, తాను కనుగొన్న గణిత ఫలితములనే ముందుంచెను.

మనవారు వ్రాయదగినవి ఇట్టివి చాల కలవు. పొదుపు సంఘము లెక్కలు ఐదేండ్లు వ్రాసిన ఆడపడుచు, ఎందరు సభ్యులు, ఎంత అప్పు, వాయిదాలు ఎట్లు వసూలైనవి అని మూడు వాక్యములలో చెప్పగలదు. ఇంటర్ ఫెయిలైనను ఆమెకు లెక్కల పుస్తకము తెలియును. ముందు తన తెలుగులో తాను వ్రాసికొని, తరువాత ఉపాధ్యాయునిచే ఇంగ్లీషు చేయించుకొనవలెను. అప్పుడు ఇంటర్వ్యూలో ఏ వాక్యమును గురించి అడిగినను తడబడదు.

ఇక మీ సిఫారసు. "ఇతడు మా గ్రామస్థుడు, సత్ప్రవర్తన కలవాడు" అని ఊరిలో నందరికి వ్రాసి యిచ్చినచో దానికి విలువ యేమున్నది? వేసవిలో నీటి ట్యాంకరు వచ్చినప్పుడు వీధివారీగా పట్టిక వ్రాసి తగవు లేకుండ పంచినవాడైనచో ఆ సంగతి వ్రాయుడు. మీరు కన్నులార చూడనిది వ్రాయకుడు. బదులుగా వచ్చు లేఖలను కూడ ఒకసారి చూడుడు. ఉద్యోగమిత్తుము, ముందుగా డబ్బు కట్టుమని యున్నచో పైసాయు పంపనీయకుడు.

ఆ దుకాణము బల్లమీదనే ఆ యువకునిచే వేరొక లేఖ వ్రాయించితిమి. పలకల పనిలో ఏమేమి చేసినదియు, ఎంత మందమువరకు చీల్చగలిగినదియు అందు వ్రాసెను. గ్రానైటు యంత్రము ఇంతవరకు నడపలేదనియు, వారము దినములు పని చూచి నిర్ణయింపవచ్చుననియు చివర చేర్చెను. తండ్రి పేరు తానే రెండు మారులు సరిచూచుకొనెను. లేఖ పోయి ఇరువది దినములైనది. బదులు ఇంకను రాలేదు.